పంట నష్ట సాయం: పుట్టింది కరువు కోడ్‌లోనా, జమాబందీలోనా?

తుఫానుకో వడగళ్లకో పంట పోతే రైతుకు సర్కారు ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ చరిత్రను చాలామంది 1876–78 నాటి ధాత కరువుతో మొదలుపెడతారు. స్ట్రాచీ కమిషన్ 1880 నివేదిక, దాని వెంట కరువు కోడ్‌లు, స్వాతంత్ర్యం తర్వాత సంక్షేమ రాజ్యం, చివరికి రైతు ఖాతాలో జమ. కథ నున్నగా సాగిపోతుంది గాని, నాకు నమ్మకం కుదరదు.

కరువు కోడ్‌ల ధ్యాసంతా ప్రాణం నిలపడం మీదే. ఒళ్లు వంగేవాడికి పని, వంగనివాడికి గంజి. బకింగ్‌హాం కాలువ పనులు ధాత కరువు రోజుల్లో అలాగే నడిచాయి. కూలి దొరికింది, పోయిన పంట ఎంతో ఎవరూ అడగలేదు. కమిషన్ శిస్తు వాయిదాల గురించి, రైతు అప్పుల గురించి కూడా రాసిన మాట నిజమే. అయితే అవి రెవెన్యూ శాఖకు అప్పటికే అలవాటైన పనులు.

పోయిన పంటకు లెక్క ఉన్నది ఆ శాఖలోనే. రైత్వారీ గ్రామంలో మాగాణి ఎండిందనో మునిగిందనో అజమాయిషీలో, అంటే పొలం తనిఖీలో తేలితే, ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో శిస్తు వజా (మినహాయింపు) చేసేవారు. మెట్టకు ఆ భాగ్యం అరుదు. చెడ్డ ఏళ్ల తరుగును సెటిల్‌మెంట్‌లోనే తీసేశాం కదా అన్నది దొరల వాదన. ఇంతకీ వజా ఎవరికి? శిస్తు కట్టే పట్టాదారుకు. అరక కట్టిన కౌలుదారుకు అందులో పైసా చేరాలన్నా ఆసామి మనసు కరగాలి. 1883, 1884 చట్టాల కింద ఇచ్చిన తక్కావీ అప్పులూ చూపించడానికి భూమి ఉన్నవాడికే తేలిగ్గా పుట్టాయి. జమీందారీల్లో, నిజాం ఇలాకాలో లెక్కలు వేరు కాబట్టి, ఈ వాదన మద్రాసు రైత్వారీ జిల్లాలకే గట్టిగా వర్తిస్తుందని ఒప్పుకోవాలి.

తర్వాత డబ్బు వచ్చే దారులు మారాయి. రెండో ఆర్థిక సంఘం మార్జిన్ మనీ, 1990లో విపత్తు సహాయ నిధి, 2005 చట్టంతో రాష్ట్ర విపత్తు స్పందన నిధి. 1984లో కరణాలు పోయారు, శిస్తు నామమాత్రమైంది. పొలం, పంట వివరాలు రాసే అడంగల్ మాత్రం నిలిచింది, దానితోపాటు పట్టాదారే రైతన్న భావనా నిలిచింది. వజా పొందే మనిషే నగదు పొందే మనిషయ్యాడు.

కౌలుకు కాగితం లేకపోవడమే అసలు అడ్డంకి అనేవారున్నారు. అందులో నిజం ఉంది. 1956 కౌలుదారీ చట్టం తర్వాత, రాసిస్తే భూమి చేజారుతుందేమోనని యజమానులకు భయం పట్టుకుంది. కానీ పొలంలో ఎవరున్నారో రాయడం రెవెన్యూకు చేతకాని పనేమీ కాదు. తెలంగాణ పహాణీలో పట్టాదారు పక్కనే అనుభవదారుకూ ఒక గడి ఉండేది. ధరణి రికార్డుల్లో దాన్ని తీసేశారు. చేతనైన పనిని వదులుకోవడాన్ని అశక్తత అనలేం.

ఇటీవలి మార్పుల్లో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. 2015లో నష్టపు హద్దును 50 శాతం నుంచి 33కు దించారు. 2022–26 కేంద్ర ప్రమాణాల ప్రకారం హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉంటే 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. నీటి వసతి ఉన్న ఎకరాకు ఏడు వేలు కూడా నిండదన్నమాట. 2023 మార్చి వడగళ్లకు తెలంగాణ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరాకు పదివేలు ప్రకటించి, కౌలు రైతులకూ అందాలనడం మంచి మినహాయింపు. కానీ మినహాయింపును పద్ధతి అనలేం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ వచ్చాక నమోదు మెరుగైంది, డబ్బు కూడా త్వరగా పడుతోంది. కౌలుదారుకు 2011లో రుణ అర్హత కార్డు, 2019 చట్టంతో సాగు హక్కు కార్డు వచ్చాయి. రెండోది పదకొండు నెలలది, యజమాని సంతకం పెడితేనే దక్కేది. డెల్టాలో బస్తాల కౌలు ముందే ఖరారవుతుంది. వరి పనల మీద ఉండగా వాన ముంచేసినా ఆ బస్తాలు కొలవక తప్పదు. సంతకం పెట్టని యజమాని ఖాతాకు పరిహారం, కార్డు లేని కౌలుదారు ఇంటికి అప్పు చేరుతున్నంత కాలం, ఈ పథకాన్ని పంట వేసినవాడి నష్టానికి ఇచ్చే సాయమని నేను రాయలేను.