బ్యాటరీని సున్నా దాకా దించమన్నది ఎవరు?

2020 లాక్‌డౌన్‌లో నా మొదటి ఉద్యోగం మా ఊరు కొత్తచెరువులోనే, రేకుల గదిలో మొదలైంది. అప్పటికి నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నా. కాలేజీలో కొన్న ల్యాప్‌టాప్‌కి సెల్ షాపు అన్న చెప్పిన సూత్రం ఒకటే: "పూర్తిగా దిగిపోనీప్పా, అప్పుడు పెట్టు చార్జింగు." రెండేళ్ళు భక్తిగా పాటించా. ఒకరోజు డిప్లాయ్‌మెంట్ మధ్యలో కరెంటు పోయింది. బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే టప్పున ఆరిపోయింది. సాయంత్రం మేనేజరుకి సంజాయిషీ ఇచ్చుకుంటుంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీలేదు. (ఉందిలెండి!)

ఇంతకీ ఆ సలహా ఎక్కడిది? తవ్వుకుంటూ పోతే 1899కి తేలాను. ఆ ఏడాది స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ నికెల్-కాడ్మియం బ్యాటరీ కనిపెట్టాడు. దాన్ని ప్రతిసారీ సగంలోనే చార్జింగుకి పెడితే, కొన్నాళ్ళకి ఆ సగం దగ్గరే చతికిలబడేది. 'మెమరీ ఎఫెక్ట్' అన్నది దీన్నే. అందుకే అప్పుడప్పుడూ పూర్తిగా దించాల్సి వచ్చేది. తొలినాళ్ళ ల్యాప్‌టాప్‌లలో ఉన్నవీ నికెల్ బ్యాటరీలే. నోకియా 3310తో మొదట్లో వచ్చిందీ నికెల్ రకమే. అంటే షాపు అన్న సలహా ఒకప్పుడు నిజమే.

ఈలోగా కింద కెమిస్ట్రీ మారిపోయింది. 1970లలో విటింగ్‌హామ్ లిథియం బ్యాటరీకి పునాది వేశాడు. 1980లో గుడ్‌ఇనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్ వాడొచ్చని చూపింది. 1985లో యోషినో సురక్షితమైన నమూనా తయారుచేశాడు. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. అప్పటికి గుడ్‌ఇనఫ్‌కి 97 ఏళ్ళు! కోడ్ మొత్తం తిరగరాశారు గానీ పైనున్న కామెంట్ మాత్రం ఎవరూ మార్చలేదన్నమాట. మనకి కొత్తేం కాదుగా :)

మా నాయన సలహా ఇంకోరకం: "ఎప్పుడూ నిండుగా పెట్టుకోరా." ఆయన లెక్కంతా ఇన్వర్టర్ బ్యాటరీది. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే చేసిన లెడ్-యాసిడ్ బ్యాటరీ వంశమది. దాన్ని ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చెడిపోతుంది. తెలుగునాట ఈ వ్యాపారంలో పెద్ద పేరు అమరరాజా. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర స్థాపించారు. 2023లో వాళ్ళే మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు.

లిథియం-అయాన్‌కి మాత్రం రెండు చివరలూ పడవు. నిండుగా ఉన్నప్పుడు సెల్ 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడిలో లోపల అనవసర రసాయన చర్యలు జరిగి, పనికొచ్చే లిథియం తగ్గిపోతూ ఉంటుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. మా అనంతపురం వైపు మే నెలలో 40 డిగ్రీలు మామూలే. అలాంటి రేకుల గదిలో ల్యాప్‌టాప్‌ని రోజంతా నూరు శాతం దగ్గర, పరుపు మీద పెట్టి వాడితే ఇక చెప్పేదేముంది? అటు మరీ ఖాళీ చేసి నెలల తరబడి బీరువాలో పెట్టినా చెడుతుంది. వానలు పడని మా సీమలో చెరువు ఎండితే నెర్రెలిస్తుంది, ఎప్పుడూ అంచుదాకా నిండి ఉంటే కట్టకి బరువు. ఇదీ అంతే.

ఇప్పుడు నేను చేసేది ఇదీ:

1. వీలైనంతవరకు 20కీ 80కీ మధ్య ఉంచుతా.
2. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే రోజుల్లో సెట్టింగ్స్‌లో చార్జింగుని 80 దగ్గర ఆపేస్తా. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ సదుపాయం ఉంది.
3. గాలి ఆడేలా గట్టి బల్ల మీదే పెడతా.
4. వాడకుండా దాచాలంటే సగం చార్జితో, చల్లటి చోట పెడతా.
5. శాతం తప్పుగా చూపిస్తుంటే మాత్రం ఒకసారి నిండా ఎక్కించి పూర్తిగా దించుతా. అది మీటర్‌ని సరిచేయడానికే, బ్యాటరీ ఆయుష్షుకి కాదు.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం ప్రయోగాలొద్దు. వాడడం ఆపి మార్పించండి.

షాపు అన్నదీ తప్పు కాదు, నాయనదీ తప్పు కాదు. ఇద్దరూ తమ చేతిలో ఉన్న బ్యాటరీ గురించి నిజమే చెప్పారు. "ఇది ఏ బ్యాటరీకి?" అని అడక్కపోవడం ఇంజనీరింగ్ చదివిన నా తప్పు. అదండీ సంగతి.