చూరు కింద గంగాళం, మేడ కింద సంపు

విజయవాడలో ఏటా సగటున 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇందులో దాదాపు మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కురిపిస్తాయి. మిగతా దానిలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు తెస్తాయి. డిసెంబరు నుంచి మే దాకా చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఆరు నెలల వానను మరో ఆరు నెలలకు దాచుకోవడానికి కృష్ణా తీరం ఒక్కో కాలంలో ఒక్కో పద్ధతి పట్టింది. అందులో కొన్ని నిలిచాయి, కొన్ని మరుగున పడ్డాయి.

కొండల మీద కోనేర్లు

నది కనుచూపు మేరలో ఉన్నా కొండ మీద కాపురం ఉండేవారికి దాని నీళ్ళు అందవు. అక్కడ ఆధారం ఊట, లేదంటే వాన. కృష్ణకు దూరంగా విశాఖ తీరంలోని తొట్లకొండ, బావికొండల మీద రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువులు రాతినే తొలిచి తొట్లు చేసి వాన నీరు నిలవ చేసుకున్నారు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజులు కొండవీడు కోట కట్టినప్పుడు కొండ మీది లోయలకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు నింపారు. విజయవాడకు దగ్గరలోని కొండపల్లి కోటలోనూ లోతైన కోనేరు ఉంది. ముట్టడి పడితే కోట ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది గాదెల్లో గింజలతో పాటు ఈ నీటిని బట్టి కూడా తేలేది.

ఈ కట్టడాలన్నిటిలో ఉన్న అంగాలు నాలుగే: వాన పడే వాలు, దాన్ని నడిపించే కాలువ, మట్టి తేరుకునే చోటు, నిలవ ఉండే తొట్టి. నేటి ఇంటి వాన నీటి ఏర్పాటులోనూ ఉండేవి ఈ నాలుగే.

మండువా లోగిలి

మైదానంలో కలిగిన ఇళ్ళకు మండువా ఉండేది. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, వాన నడిమి వాకిట్లో పడేది. తొలి జల్లుకు పెంకుల మీది దుమ్ము, ఆకులు, పిట్టల రెట్టలు కొట్టుకుపోయేదాకా ఆగి, ఆ తరవాత చూరు కింద గంగాళాలు, బానలు పెట్టేవారు. మిగిలిన నీరు తూము గుండా పెరట్లోకి పారి అరటి, కొబ్బరి పాదులకు చేరేది. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి పప్పు త్వరగా ఉడుకుతుంది, తలంటుకు కుంకుడు రసం బాగా నురుగొస్తుంది. ఉప్పుబావుల ఊళ్ళలో ఈ తేడా ఇంకా బాగా తెలిసేది.

పాంపే నగరంలోని రోమన్ల ఇళ్ళదీ ఇదే పోకడ. అక్కడా కప్పు లోపలికి వాలి, వాన నడిమి తొట్టెలో పడేది. అయితే ఆ తొట్టె అడుగున భూగర్భ జలాశయం ఉండేది. మన మండువా కింద అలాంటిది సాధారణంగా కట్టలేదు. గంగాళంలో పట్టింది నాలుగు రోజులకు సరిపోయేది, అంతే. ఏడాది నిలవ ఊరి మంచినీళ్ళ చెరువు పని. ఆ చెరువు నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చి, గుడ్డతో వడకట్టి తాగేవారు.

కాలువలు వచ్చాక

1832–33లో వాన ముఖం చాటేసింది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన ఆ కరువును జనం నందన కరువు అన్నారు. ఇలాంటి అనుభవాల తరవాతే కృష్ణ మీద ఆనకట్ట ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ పూనికతో, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ముగిసింది. ఆ ఆనకట్ట 1952లో తెగాక దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది; 1957లో పూర్తయింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీరు పొలాలకే కాక ఊరి చెరువులకూ చేరింది. బెజవాడకు 1888లో మునిసిపాలిటీ వచ్చింది, క్రమంగా కుళాయిలు పడ్డాయి. పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు లేచాయి. చూరు పోయింది, వాన నీరు గొట్టంలోంచి నేరుగా వీధి మురుగు కాలువలోకి దిగింది.

కాలువ చివరి ఊళ్ళ సంగతి వేరు. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి వైపు భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన. శివారుకు కాలువ నీరు ఆలస్యంగా వస్తుంది, వేసవిలో చెరువు అడుగంటుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మంచినీళ్ళ చెరువుల్లోకి సముద్రాన్ని తెచ్చింది. ఊరందరికీ ఒకే చెరువు ఆధారమైతే అది చెడిన రోజున ఇంటింటా దాహమే.

ఇంకుడు గుంత ఎక్కడ, తొట్టి ఎక్కడ

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘నీరు-మీరు’ అనే నీటి సంరక్షణ కార్యక్రమం మొదలైంది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 200 చదరపు మీటర్లకు తగ్గని ఆవరణల్లో వాన నీటి కట్టడాలకు మార్గదర్శకాలు ఇచ్చే అధికారం కల్పించింది. 2003లో తమిళనాడు భవనాలన్నిటికీ వీటిని తప్పనిసరి చేసింది. అప్పటినుంచి వాన నీటిని కాపాడడమంటే ఇంకుడు గుంత తవ్వడమే అన్న అభిప్రాయం స్థిరపడింది.

గుంత పని చేసేది నేలను బట్టి. మొగల్రాజపురం, గుణదల కొండల దిగువన గరప నేలల్లో నీరు చక్కగా ఇంకుతుంది, బోరు బతుకుతుంది. డెల్టా నల్లరేగడి తడిస్తే ఉబ్బి పగుళ్ళు మూసుకుంటుంది, నీరు దిగదు. కాలువలు పారే రోజుల్లో చాలా ఊళ్ళలో కొద్ది అడుగుల లోతులోనే నీరు తగులుతుంది కనుక గుంత అడుగునుంచే నిండుతుంది. తీరంలో ఇంకిన మంచినీరు కిందనున్న ఉప్పునీటితో కలిసిపోతుంది. అలాంటి చోట్ల వానను నేలకు ఇవ్వడం కన్నా తొట్టిలో దాచడం మేలు. మండువా నాటి గంగాళం చాలని పనిని ఇప్పుడు సంపు చేయగలదు.

లెక్క, కట్టుబడి

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి లక్ష లీటర్లు పడుతుంది. ఆవిరి, చిందులు, తొలి వాన కింద ఐదో వంతు తీసేస్తే 80,000 లీటర్లు చేతికొస్తాయి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణం లెక్కన నలుగురికి ఏడాదికి దాదాపు 1,97,000 లీటర్లు కావాలి. అంటే కప్పు మొత్తం అవసరం తీర్చదు, ఐదింట రెండు వంతులు తీరుస్తుంది. వంటకు, తాగడానికి మాత్రం రోజుకు 40 లీటర్లు చాలనుకుంటే, వాన లేని 180 రోజులకు 7,200 లీటర్లే. 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతున్న సంపులో 10,000 లీటర్లు పడతాయి. అందులో ఈ వంటనీళ్ళు పోను కుండీలకూ కూరపాదులకూ కొంత మిగులుతుంది.

డాబా గచ్చును గొట్టాల వైపు వాలుగా చేయాలి. గొట్టం నోటికి జాలీ బిగించాలి. దిగే గొట్టానికి పక్కన మూతతో మరో గొట్టం నిలబెడితే తొలి వాన నీరు అందులో ఆగుతుంది. 100 చదరపు మీటర్లకు మొదటి 100 లీటర్లను, అంటే ఒక మిల్లీమీటరు వానను, వదిలేయాలి. రోడ్డు దుమ్ము, బూడిద పడే చోట ఇంకా ఎక్కువ. తరవాత వడపోత తొట్టి: అడుగున పెద్ద కంకర, పైన చిన్న కంకర, బొగ్గు, అన్నిటికీ పైన ఇసుక. ఆస్‌బెస్టాస్ రేకులు, పాత రంగులు పెచ్చులూడే కప్పుల నీరు తాగడానికి వాడకూడదు, మొక్కలకు మళ్ళించాలి.

సంపులోకి వెలుగు సోకితే నాచు పడుతుంది, సందు దొరికితే దోమ గుడ్లు పెడుతుంది. కాబట్టి మూత బిగుతుగా, గాలి గొట్టానికీ పొర్లు గొట్టానికీ సన్న వల ఉండాలి. మురుగు తొట్టికి దూరంగా, వరద ముంపు మట్టానికి పైన మూత వచ్చేలా కట్టడం బుడమేరు వాగు పక్క కాలనీలకు మరీ ముఖ్యం. నిలవ నీటికి 1000 లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగు పొడి కలిపి, తాగే నీటిని కాచి వాడాలి. పొర్లిన నీరు తోటకు పోవాలి. నేల ఇంకించుకునేదైతే ఇంకుడు గుంతకు పోవాలి.

మృగశిర కార్తెకు ముందే డాబా ఊడ్చి, సంపు కడిగి, ఇసుక మార్చాలి. ప్రతి పెద్ద వాన తరవాత తొలి వాన గొట్టం ఖాళీ చేయాలి. స్వాతి కార్తె వానలతో సంపు నిండాక తోటకు దాని నీరు తోడడం మానేసి, ఆ నీటిని వంటకే ఉంచుకోవాలి. మార్చి ముగిసేనాటికి సంపులో మిగిలిన నీటిని కొలిచి చూసుకుని, ఏప్రిల్, మే నెలల వంటకు పోను మిగిలేదుంటే అది మొక్కలకు ఇవ్వవచ్చు.