అచ్చుపడిన ఆంబోతు మొదలు ఏనుగు మార్కా దాక

పనిపాటలు లేక ఊరంతయు తిరుగు పడుచువానిని 'అచ్చోసిన ఆంబోతు' అని మన పెద్దలు మందలించుట అందరును వినియున్నదే కాని, ఆ మందలింపులో నేటి వ్యాపారచిహ్నములకు మూలపురుషుని వంటి యొక ప్రాచీనాచారము దాగియున్నదని తలపోసినవారు మిక్కిలి తక్కువ. గతించిన తండ్రికి పుణ్యలోకప్రాప్తి కలుగవలెనని పదునొకండవ నాడు కుమారుడు చేయు వృషోత్సర్గమునందు, లక్షణవంతమైన కోడెను తెచ్చి, కాల్చిన యినుముతో దానికొక ప్రక్కను చక్రమును, మరియొక ప్రక్కను త్రిశూలమును అచ్చువేసి విడిచిపెట్టుదురు. ఆ అచ్చు పడినది మొదలు ఆ పశువు ఎవరి కాడికిని మెడ యొగ్గదు. ఎవరి చేనిలో పడి మేసినను అదలించువారే కాని కట్టివేయువారు లేరు. ఇది దేవుని సొత్తు అను మాటను, ఒక్క అక్షరమైనను లేకయే, కాపునకును పశులకాపరికిని ఒక్క చూపులో తెలుపగల శాసనము ఆ వాత. ఇంగ్లీషువారు సరకుపేరును బ్రాండు అనుటయు ఈ కాల్పునుండి పుట్టినదే. ఆ మాటకు తొలియర్థము కొరవి, ఆ తరువాతి యర్థము కొరవితో పశువుపై వేసిన గుర్తు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి ఈ సంగతి పుస్తకములు చెప్పవలసిన పని లేదు. వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించుటకై పలుపు చేతబట్టి గుడిచుట్టు తిరిగి, కోడెను అచటనే కట్టివేసి వచ్చిన పూర్వులు లేని కుటుంబము ఈ సీమలో అరుదు. అది రాజన్న కోడె యన్నంతనే చెయ్యెత్తి మ్రొక్కని రైతును నేను చూడలేదు.

ముద్ర మృగముపై పడుట యొక ఘట్టము. మృగమే ముద్రయై వస్తువు మీదికెక్కుట రెండవ ఘట్టము. ఈ రెండవదియు మన దేశమున మిక్కిలి ప్రాచీనమే. సింధులోయ ముద్రికలపై నున్న లిపిని చదివి యందరిచేత ఔననిపించుకొన్న పండితుడు నేటికిని లేడు. ఆ లిపి క్రిందనున్న మూపురపుటెద్దును, ఏనుగును మాత్రము పసిపిల్లలు సైతము గుర్తుపట్టుదురు. నాలుగువేల యేండ్లకు పూర్వపు వర్తకుడు తన సరకుమూటపై బంకమట్టి నద్ది, దానిపై ఆ ముద్రిక నొత్తినప్పుడు, చూచువాని కంటికి ముందు తగిలినది ఆ జంతువే యై యుండును.

మన గోదావరి యొడ్డునకు వత్తము. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలమున, పెద్దవాగు గోదావరిలో కలియుచోట కోటిలింగాల యను గ్రామము కలదు. తొలకరివానలకు పాటిమన్ను కొట్టుకొనిపోయినపుడెల్ల అచట పాతనాణెములు బయటపడుచుండెడివి. శాతవాహన వంశకర్తయైన సిముకుని నాణెములును, అతనికి పూర్వులైన గోభద, నారన, కంవాయ, సమగోప నామములు గల నాణెములును అచట దొరకుటచేత, శాతవాహనుల తొలిరోజులకు ఈ తెలంగాణపు నేలయే సాక్షియని చరిత్రకారులు వాదించుటకు ఆధారము చిక్కినది. ఆ వంశపు నాణెములపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషలో రాజు పేరును, దానితోపాటు ఏనుగో, సింహమో, గుర్రమో, ఎద్దో కనుపించును; వెనుక ప్రక్కన శిలువవలె అడ్డుగీతలు గల ఉజ్జయినీ చిహ్నము. నాణెము నచ్చొత్తించిన ప్రభువునకు పేరు వ్రాయించుట ఘనత. ఆ సీసపుబిళ్లను అంగడిలో అందుకొన్న కుమ్మరికి, కమ్మరికి, పడవవానికి మాత్రము తొండమే ప్రమాణము. అక్షరము ఏలినవానికిని, చిత్రము ఏలబడినవానికిని జరిగిన ఈ పంపకము ఆ చిన్న బిళ్లమీదనే మొదలై, నేటి బీడీకట్టపై కాగితము దాక నడచివచ్చినదని నా తలంపు.

జంతువు గుర్తైనంతనే ఊరకుండదు. కొన్నాళ్లకు వస్తువు పేరునే అపహరించును. బాదామి చాళుక్యులకు వరాహము లాంఛనము. వేంగీ చాళుక్యుల రాగిశాసనముల కడియపు ముద్రలపైనను శ్రీ త్రిభువనాంకుశ యను బిరుదుతో కూడ వరాహమే నిలిచినది. ఆ చాళుక్యవంశపు పేరుతోనే మరియొక శాఖ వేములవాడ రాజధానిగా పాలించినది. రెండవ అరికేసరి కన్నడ ఆదికవి పంపని పోషించినది అచటనే. తరువాత వచ్చిన కాకతీయులును వరాహలాంఛనమునే ధరించిరి. ఈ పంది బొమ్మ బంగారునాణెముపై కెక్కుటతో జనులు ఆ నాణెమునే వరహా యనసాగిరి. విజయనగరపు కాలమునాటికి ఆ నాణెముపై పంది లేదు. హనుమంతుడు, గరుడుడు, ఉమామహేశ్వరులు వచ్చిరి. అయినను జనుల నోట వరహా వరహాగానే నిలిచినది. బొమ్మ చెరిగిపోయిన పిమ్మటను బొమ్మ పేరు చెల్లుబడి యగుట, నేటి వ్యాపారులు కోట్లు వెచ్చించి కోరుకొను ఫలము. ఆ ఫలమును ఏ ప్రకటనయు లేకయే పొందిన మొదటి మార్కా ఇదియే యని చెప్పవచ్చును.

ఇక అంగడి సరకులపై రంగుల జంతువులు ఎట్లు వచ్చినవో చూతము. కోరుట్లలో ఒకప్పుడు చేతికాగితము తయారగుచుండెను. పట్వారీల లెక్కల పుస్తకములకు ఆ ముతక కాగితమే దిక్కు. ఆ కాగితముపై ఎకరములు, గుంటలు, శిస్తుబాకీలు ఎక్కినవే కాని, ఏనుగులు పులులు ఎక్కలేదు. బొమ్మల కాగితము సముద్రముల కావలినుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మాంచెస్టరు, గ్లాస్గో నగరముల వర్తకులు మన దేశమునకు పంపు తానులకును, నూలుచిలపలకును బంగారుపూత, కుంకుమరంగు గల చిన్న చిత్రపటముల నంటించి పంపుచుండిరి. వానిని వారు టిక్కెట్లనిరి. మనవారు ఉర్దూపలుకుబడిచొప్పున ఛాపా యనిరి, మార్కా యనిరి. దేశవిదేశపు భాషలన్నిటిలో వ్రాసి ముద్రించుట అసాధ్యమైనందునను, వ్రాసినను చదువువారు తక్కువైనందునను, ఆ చిత్రకారులు మన పురాణములను, మన యడవులను ఆశ్రయించిరి. ఏనుగంత మేలు వారికి చేసిన జంతువు మరియొకటి లేదు.

అట్టి ఏనుగులు రెండు విలాయతు న్యాయస్థానమున వాదమునకు దిగినవి. స్కాట్లండులో ఆర్చిబాల్డు ఆర్ ఈవింగ్ కంపెనీవారు టర్కీ ఎరుపు అను పక్కారంగు అద్దిన నూలును బొంబాయికిని ఏడెనుకును ఎగుమతిచేయుచు, తమ టిక్కెట్టుపై రెండేనుగులను నిలిపిరి. చిరువేరు రంగుతో శ్రమపడుచున్న మన దేశపు నేతగాండ్రకు ఆ ఎర్రనూలు అంచులకు అక్కరకు వచ్చినది. జాన్‌స్టన్ కంపెనీవారును అట్టి నూలునే పంపుచు, వేరు తీరున చిత్రించిన రెండేనుగుల టిక్కెట్టు పెట్టిరి. దానిపై తమ పేరును ఇంగ్లీషులో స్పష్టముగా ముద్రించుకొనిరి. రెండు కాగితములను ప్రక్కప్రక్కల పెట్టి చూచిన లండను న్యాయవాదికి తేడా తేటతెల్లము. కాని బొంబాయి బజారులో మొదటివారి నూలునకు 'భే హాథీ', అనగా రెండేనుగులు, అను పేరు పడిపోయియుండెను. 1882లో ప్రభువుల సభ న్యాయాధిపతులు ఈ పేరునే పట్టుకొని, ఇంగ్లీషు చదువలేని కొనుగోలుదారు రెండేనుగులు అడిగి రెండేనుగుల నూలునే తెచ్చుకొనునుగాని ముద్రితమైన పేరును పరిశీలింపడనియు, కావున జాన్‌స్టను టిక్కెట్టు ఆతనిని మోసపుచ్చగలదనియు తీర్పిచ్చిరి. ఇంగ్లండులో వ్యాపారచిహ్నములను నమోదుచేయు చట్టము 1875లో మాత్రమే పుట్టినది. మన దేశమున అట్టి నమోదునకు చట్టము 1940లో కాని రాలేదు. ఆ చట్టములన్నిటికంటె నాకీ తీర్పే ప్రియము. తమ రాజ్యమునకు లోబడిన దేశపు నిరక్షరాస్యుని కన్నును, ఆతని నోటి మాటను, లండనులోని అత్యున్నత న్యాయపీఠము సాక్ష్యముగా స్వీకరించిన సందర్భమిది. ఏనుగుల నూలు అను పేరు పెట్టినవాడు కంపెనీ యజమాని కాడు, చిత్రకారుడు కాడు, కొన్నవాడు.

స్వతంత్రభారతము తొలి సార్వత్రిక ఎన్నికలు జరుపునాడు ఈ బజారు విద్యనే అరువు తెచ్చుకొనెను. 1952లో కాంగ్రెసునకు జోడెద్దులు వచ్చినవి, పిదప ఆవుదూడ. పల్లెలలో పార్టీపేరు పలుకక 'ఎద్దులకు వేసితిమి' యన్నవారే పెక్కురు. 1991నుండి క్రొత్తగా జంతువుల గుర్తులు కేటాయించుట నిలిచినది. సజీవమైన జంతువులను ఊరేగించి హింసించుచున్నారన్నది అందులకు కారణము.

జగిత్యాల, కోరుట్లలలో ఇప్పుడు జంతువుల గుర్తన్నంతనే స్ఫురించునది బీడీ. తునికాకు ఈ యడవుల పంట. ఇంటి అరుగుమీద చాట ఒడిలో పెట్టుకొని, తడిపి మెత్తపరచిన ఆకును కొలతకు కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారము కట్టి, మూతిని గోటితోనో రేకుతోనో మడచు స్త్రీల చేతివేగమును చిన్ననాట గంటలకొలది చూచినవాడను. వారిలో పెక్కురకు ఆ విద్య తల్లినుండి వచ్చినది, నడుమునొప్పియు తల్లినుండియే వచ్చినది. వెయ్యి బీడీలు లెక్క. చుట్టిన కట్టలను కార్ఖానాకు మోసికొనిపోయి ఠేకేదారు ముందు పెట్టగా, నచ్చనివి ఏరివేసి మిగిలినవానికే కూలి కట్టుట వాడుక. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము వచ్చి, ఆ ఏరివేతకు హద్దు పెట్టవలసిన అవసరమేర్పడినదన్నచో, ఆ చాటలముందు ఎన్ని కన్నీళ్లు రాలినవో ఊహించుకొనవచ్చును.

ఆ కట్టకు కాగితము చుట్టుట ఇంటిలో జరుగదు. బట్టీలో వేడిపట్టిన పిమ్మట కార్ఖానాలో లేబులు అంటించుదురు. పులియో, జింకయో, నెమలియో ఆ చివరి క్షణమున వచ్చి కూర్చుండును. ఇరువదియైదు బీడీల కట్టలో ఆకు ఏరినవారి శ్రమ, చుట్టిన యామె వ్రేళ్లు ఉన్నవి. బొమ్మ మాత్రము ఆమెది కాదు. అంగడిలో 'పులిబొమ్మది ఒక కట్ట' యని అడుగు హమాలీకి ఆ పులి రుచికి హామీ. ఆమెకు ఆ పులి కూలి యిచ్చు ఇంటి గురుతు. ఒకే జంతువు ఇద్దరు నిరక్షరాస్యులతో రెండు భాషలలో మాటలాడుచున్నది.

ఏ జంతువైనను లేబులునకు పనికివచ్చునా యన్న, రాదు. పులి బలమునకు, ఏనుగు నిలుకడకు, గుర్రము చురుకునకు, నెమలి అందమునకు వచ్చినవి. గాడిద ఎంత మోసినను ఆ గౌరవము పొందలేదు. గ్రామఫోను ప్లేట్లపై కుక్క వచ్చినదన్నచో, యజమాని గొంతును గుర్తుపట్టు విశ్వాసమునకు గాను వచ్చినది. మన యిండ్లలోను అది 'కుక్కబొమ్మ ప్లేటు' అయినది. తేలునకు మాత్రము ప్రభుత్వమే ఉద్యోగమిచ్చినది. 2009 మే 31నుండి పొగాకు సరకులపై బొమ్మలతో హెచ్చరిక తప్పనిసరి యైనప్పుడు, నమలు పొగాకు పొట్లములపై తేలుబొమ్మను ముద్రింపజేసిరి. ఆకర్షించుటకు పుట్టిన విద్యను అదలించుటకు త్రిప్పిన ఈ ప్రయత్నము నాకు మెచ్చదగినదిగా తోచినది; చదువురానివానికి మేలు చెప్పదలచినను జంతువుచేతనే చెప్పించవలెనని గ్రహించినవారు ఎవరో ఆ కార్యాలయమున నుండిరి. 2016 ఏప్రిల్ 1నుండి ఈ హెచ్చరిక పొట్లము ముఖభాగములో నూటికి 85 పాళ్లు ఆక్రమించినది. పులికిని నెమలికిని మిగిలినది పదునైదు పాళ్లు. పొగాకు చేయు హాని నెరిగినవాడనై దీనికి నేను విచారింపను. చుట్టునట్టి యామె బ్రతుకునకు మారుదారి చూపక ఆ పనిని మాత్రము కుదించుట నన్ను కలచును.

సిరిసిల్ల కథ దీనికి తోబుట్టువు. అచటి పద్మశాలీలు మగ్గము కూడు పెట్టక షోలాపురము, భివండి పోయి, కొందరు మరమగ్గము నేర్చి తిరిగివచ్చిరి. ఆ మరమగ్గములనే అచట సాంచాలందురు. పగలనక రేయనక ఊరంతయు ఆ సాంచాల చప్పుడు. నేయబడునది చాలవరకు రంగు వేయని పాలిస్టరు గుడ్డ. లంగాలకు, లోనివస్త్రములకు పనికివచ్చునది. హైదరాబాదు వర్తకులు దానిని కొనిపోయి, రంగు లద్దించి, మడతపెట్టి, అప్పుడు కాని పేరు పెట్టరు. 2017లో ప్రభుత్వము పంచు బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు సిరిసిల్ల పేరు ఆడుపడుచులందరి నోట నానినది. అప్పుడును చీరపై నేతగాని గుర్తు లేదు. ప్రక్కనున్న సిద్దిపేటలో గొల్లభామ చీర కలదు. నెత్తిన కుండ పెట్టుకొని నడచు ఆ భామ బొమ్మయే చీరకు పేరైనది. భౌగోళిక గుర్తింపు పొంది ఆ నేతవారికే దక్కినది. బొమ్మ నేతలోనే పుట్టుటచేత దానిని ఎవరును విడదీసికొనిపోలేకపోయిరి. సిరిసిల్ల మగ్గమున రాజన్న కోడె యొకటి అట్లు అంచులో నడచుచు బయటికి రావలెనని నా మనసున చిరకాలముగా నున్న కోరిక.

1889లో ఆంగ్లప్రభుత్వము చేసిన సరకుగుర్తుల చట్టములో, అమ్మకమునకు వచ్చు తానుపై గజముల కొలత అంకెలలో ముద్రింపవలెనను నిబంధన కలదు. ఏనుగు పెట్టుకొనుట వర్తకుని యిష్టము, అంకె మాత్రము తప్పనిసరి. మొన్న సిరిసిల్లలో ఒక ఆసామి సాంచాల షెడ్డుముందు లారీ కెక్కించుచున్న తానులను చూచితిని. తెల్లని గుడ్డ అంచుపై మీటర్ల లెక్క పెన్నుతో వ్రాసియున్నది. దాని ప్రక్కన మరేమియు లేదు.