తార కాని చుక్క

1936 ఏప్రిల్ 1 వఱకు మదరాసు రాజధానిలో చేరియుండిన గంజాం జిల్లాకు ముఖ్యపట్టణమైన ఛత్రపురమునకు సమీపమున, ఆర్యపల్లి సముద్రతీరమునందు, వేసవి రాత్రి ట్రైపాడ్‌పై కెమెరా నిలిపి నాలుగైదు నిమిషముల ఎక్స్‌పోజరు ఇచ్చినచో, నక్షత్రములన్నియు గీతలై సాగగా, నడుమ కొన్ని ఎఱ్ఱని, నీలిచుక్కలు మాత్రము కదలక నిలిచియుండును. ఇవియే హాట్ పిక్సెళ్ళు. ఉష్ణము 6, 7 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల, వెలుతురు లేకయే సెన్సరున పుట్టు విద్యుత్తు ఇంచుమించు రెట్టింపగును. అచ్చటి ఇసుకలో రేడియోధార్మిక థోరియము గల మోనజైటు ఉన్నమాట నిజమే. కాని ఈ చుక్కలకు దానిని నిందింప బనిలేదు, ఉక్కయే చాలును.

తార కాని చుక్కను తారగా పొరబడు ఈ చిక్కు సెన్సరుతో పుట్టినది కాదు. 1887లో పారిస్ నగరమున గూడిన ఖగోళశాస్త్రజ్ఞులు, ఆకాశమునంతను వేధశాలలకు పంచి ఫొటో ప్లేట్లపై చిత్రింప నిశ్చయించుకొన్నపుడే, జెలాటిన్ పూతలోని మచ్చ యేదో, మినుకుమను తార యేదో తెలియుట యెట్లను ప్రశ్న పుట్టినది. నభోపటముల కొఱకు వారు పన్నిన యుపాయము నాకు మిక్కిలి ముచ్చట గొలుపును: ఒకే ప్లేటుపై, దూరదర్శినిని ప్రతిమారు రవంత జరుపుచు, ముమ్మారు ఎక్స్‌పోజరు ఇచ్చిరి, నిజమైన తార చిన్న త్రికోణమై మూడు బిందువులుగ పడును, మచ్చ ఒంటిగనే మిగులును.

ఈ మహాకార్యమున హైదరాబాదునకును పాలు దక్కినది. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పగా, ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము చేపట్టిన నిజామియా వేధశాలకు, దక్షిణ ఖగోళమున 17 మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీ లభించెను. అనూరాధలోని రెండు ప్రకాశవంతములైన తారలు ఆ పట్టీలోనివే. ఎనిమిది అంగుళముల ఆస్ట్రోగ్రాఫుతో తీసిన ప్లేట్లపై, 5 మిల్లీమీటర్ల గళ్ళ నడుమ, సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్కను కొలిపించి, వేధశాలాధిపతి పోకాక్, 1918లో ఆయన గతించిన పిదప టి. పి. భాస్కరన్, సంపుటముల కొలది తారాపట్టికలు వెలువరించిరి. ఇంతటి ఓర్పునకు మనవారు చేసిన స్మరణ స్వల్పము.

1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్‌లు సీసీడీ సెన్సరును కనిపెట్టిన పిదప క్రమముగ ప్లేటు మూలబడినది. ఆ జరుపు ఉపాయము మాత్రము మూలబడలేదు. నేటి నిశాఛాయాగ్రాహకులును, తారలను వెంబడించు మౌంటుపై, ఫ్రేము ఫ్రేమునకు కెమెరాను రవంత జరుపుచు, తారలకు సరిగా చిత్రములను పేర్చి, ఎచ్చటనో ఒక్కమారే మెరసిన చుక్కను త్రోసివేయుచున్నారు. రెండవ మార్గము లెన్స్‌కు మూతబెట్టి అంతే కాలము డార్క్ ఫ్రేము తీసి, దానిని చిత్రమునుండి తీసివేయుట. ఇది తీరమున, అదే ఉక్కలో, అప్పుడే జరుగవలెను. మరునాడు బరంపురమున ఏసీ గదిలో తీసినది వేఱొక సెన్సరుదో యన్నట్లుండి, సగము చుక్కలను వదలివేయును.