పిల్లల రచన అచ్చుకు, వెబ్‌సైట్‌కు ఎలా తయారవుతుంది?

పాఠశాల సంచికకు పిల్లలు రాసి ఇచ్చిన కాగితం ఉన్నదున్నట్టు అచ్చుకు పోదు. మధ్యలో ఒకరు చదువుతారు, కొంత దిద్దుతారు, కొంత తీసేస్తారు. "మావాడు రాసింది ఒకటి, పడింది ఒకటి" అని తల్లిదండ్రులు అనడం మామూలే. ఈ మధ్యలో జరిగే పనినే సంపాదకత్వం అంటాం, వాడుకలో ఎడిటింగ్. అందులో ఏం మార్చవచ్చు, ఏం ముట్టుకోకూడదు అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

ఈ పనికి పెద్ద ఉదాహరణ మన వైపే ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారి (1896–1953) స్వగ్రామం ఇటిక్యాలపాడు, అలంపురం ప్రాంతంలోనిది. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు: గద్వాల, అలంపురం తాలూకాలు 1956 నవంబరు 1 దాకా రాయచూరు జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనలో అవి అటు వెళ్లాయి, మనం ఇటు ఉన్నాం. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న రోజుల్లో, 1926 మే 10న, హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. ప్రతాపరెడ్డి గారు దాని సంపాదకులు. సంపాదకీయం రాయడం దగ్గర నుంచి ప్రూఫులు దిద్దడం దాకా ఆయనే చూసుకునేవారు.

ఆ కాలంలో తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. దానికి జవాబుగా ఆయన ఊరూరి కవుల పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక ప్రచురించారు. అందులో 354 మంది కవులున్నారు. అంతమంది రాస్తూ ఉన్నా, ఒకచోట అచ్చులో కనబడనందువల్ల బయటివాళ్ల లెక్కలో లేనట్టే అయ్యారన్న మాట. కాబట్టి నా దృష్టిలో సంపాదకుడు ముందుగా చేయవలసింది రాసేవాళ్లను వెతకడం. ఎర్ర కలం తర్వాత తీయవచ్చు. కర్ణాటకలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల విషయంలో ఇది మరీ నిజం. వాళ్ల రాతలు మనం వేయకపోతే వేసేవాళ్లు తక్కువ.

ఇక దిద్దే పని. ముందు చూడవలసినవి విషయాలు: పేర్లు, తేదీలు, ఊర్లు, అంకెలు. తాతగారి పేరు తప్పు పడితే ఎంత చక్కని వ్యాసమైనా ఇంట్లో బాధే మిగులుతుంది. పేరును ఇంటివాళ్లు ఎలా రాసుకుంటే అలాగే ఉంచాలి.

తర్వాత భాష. ఇక్కడ మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగు, కన్నడం దగ్గరి భాషలు కావడంతో ఒకే రూపంలో ఉన్న మాటకు రెండు అర్థాలు వస్తాయి. తెలుగులో 'తొందర' అంటే త్వరపడటం, కన్నడంలో 'తొందరె' అంటే ఇబ్బంది. కన్నడంలో 'అవసర' అంటే త్వర, తెలుగులో 'అవసరం' వేరు. 'ఊట' కన్నడంలో భోజనం, తెలుగులో నీటి ఊట. పిల్లవాడు "నాకు తొందర అయింది" అని రాస్తే ఏ అర్థంలో రాశాడో వాడినే పిలిచి అడగాలి. మనమే ఊహించి దిద్దేయకూడదు. నోటీసులో అయితే 'భోజనం' అనే రాయాలి, అందరికీ ఒకే అర్థం తెలియాలి కనుక. కానీ పిల్ల తన కథలో అవ్వ చేత "ఊట చేసినావా" అనిపిస్తే దాన్ని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. సింధనూరు క్యాంపుల్లో మాట్లాడే తెలుగు ఒక రకం, రాయచూరు పట్టణంలో ఒక రకం. సంభాషణల్లో అవి అలాగే ఉండాలి. ఒత్తులు, దీర్ఘాలు, శ-ష-స తేడాలు మాత్రం తప్పక దిద్దుతాం. 'వెళ్లు', 'వెళ్ళు' రెండూ వాడుకలో ఉన్నాయి, సంచిక మొత్తం ఒకే పద్ధతి ఉంటే చాలు.

అచ్చుకు ఇంకో ఇబ్బంది చోటు. మధ్యలో పిన్ను కొట్టే సంచికలో కాగితం మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి, అందుకని 33 పేజీల సంచిక అంటూ ఉండదు. 32కు కుదించాలి, లేదా 36 చేయాలి. బాగున్న కథ ఒక్కోసారి ఇందుకే ఆగిపోతుంది, పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర లేదు. చివరి ప్రూఫు రాసినవాళ్లు కాక వేరొకరు చదవాలి. సొంత రాతలో తప్పును కన్ను దాటేస్తుంది.

వెబ్‌సైట్‌కు చోటు చిక్కు లేదు, అక్షరాల చిక్కు ఉంది. డి.టి.పి. సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసినది కాగితం మీద అందంగానే వస్తుంది. ఆ ఫాంటు లేని ఫోనులో అదే పిచ్చిగీతల్లా కనబడుతుంది. కారణం, ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టుకున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి, దాని పక్క వరుసే కన్నడానిది. యూనికోడ్‌లో టైపు చేసినది ఏ ఫోనులోనైనా చదవవచ్చు, వెతకవచ్చు. చదువు రాని తల్లికి ఫోనే పైకి చదివి వినిపిస్తుంది. నోటీసును ఫోటో తీసి పెడితే ఈ సౌకర్యాలు చాలావరకు పోతాయి, అందుకే మన సైట్‌లో నోటీసులు టైపు చేసే పెడతాం.

చట్టం సంగతి కొంచెం. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. ప్రతాపరెడ్డి గారి జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 నుంచి ఎవరైనా ప్రచురించవచ్చు. సినిమా పాట, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ అలా కాదు. నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, బడి పేరు వంటివి వెల్లడించడాన్ని 2015 బాలల న్యాయ చట్టం నిషేధించింది. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు మనం ఎలాగూ వేయం. పిల్లల ఫోటో వేయాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి.

అచ్చులో తప్పు పడితే తర్వాతి సంచికలో సవరణ వేస్తాం. సైట్‌లో అయితే అప్పుడే దిద్ది, ఏం మార్చామో, ఏ తేదీన మార్చామో కింద రాస్తాం. రచనలు చేతిరాతతో ఇచ్చినా సరే, పేజీకి ఒక వైపే రాయండి, పేరు, తరగతి మరవకండి. బొమ్మలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి అచ్చులో మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపగలరు. దిద్దిన ప్రతిని అచ్చుకు ముందు పిల్లలకు చూపిస్తాం. ఒక మాట మార్చడం నచ్చకపోతే అప్పుడే చెప్పవచ్చు.