రాజుకు పదవి, సైన్యానికి చావు

అన్నలారా, తమ్ముళ్లారా, శుక్రవారం కదా, కొంచెం పెద్ద పోస్టు. వంట అయ్యాక తీరిగ్గా చదవండి.

క్రీ.శ. 260లో రోమ్ చక్రవర్తి వలేరియన్ పర్షియా వాళ్లకు బందీగా చిక్కాడు. పడమట జర్మన్ తెగలు రైన్ నది దాటొచ్చి ఊళ్లు దోచుకుంటున్నాయి. రోమ్ ఆదుకునే స్థితిలో లేదు. దాంతో రైన్ సైన్యం తన సేనాని పోస్టుమస్‌నే చక్రవర్తిని చేసుకుంది. ఇప్పటి ఫ్రాన్స్, బ్రిటన్, కొంతకాలం స్పెయిన్ కూడా ఆయన కిందికొచ్చాయి. ఇలా విడిపోయిన రాజ్యాన్నే గాలిక్ సామ్రాజ్యం అంటారు.

దాని ఆఖరి పాలకుడు టెట్రికస్. అంతకుముందు అక్విటానియా గవర్నరు. అప్పటికి రోమ్‌లో ఆరేలియన్ గద్దెనెక్కాడు. 272లో సిరియాలో పాల్మైరా రాణి జెనోబియాను ఓడించి, 274లో పడమటికి తిరిగాడు.

ఇప్పటి ఫ్రాన్స్‌లోని షాలోన్ దగ్గర యుద్ధం జరిగింది. రెండువైపులా ఉన్నది రోమ్ సైనికులే. టెట్రికస్ ముందే ఆరేలియన్‌కు రహస్యంగా కబురు పంపి, యుద్ధంలో తనవాళ్లను వదిలేసి అటు చేరిపోయాడని పాత రచయితలు రాశారు. ఇది గెలిచినవాళ్లు తర్వాత అల్లిన కథ కావచ్చని ఇప్పటి చరిత్రకారులు కొందరి అనుమానం. ఏది నిజమైనా రైన్ సైన్యం మాత్రం ఊచకోతకు గురైంది.

మరి టెట్రికస్? రోమ్‌లో విజయోత్సవంలో జెనోబియాతో పాటు ఆయన్నీ ఊరేగించారు. అవమానమే, కానీ ప్రాణం పోలేదు. ఆ తర్వాత దక్షిణ ఇటలీలో లుకానియాకు అధికారిని చేశారు. 275లో ఆరేలియన్ హత్యకు గురయ్యాడు. కాపలా పలచబడ్డ రైన్ దాటి జర్మన్ తెగలు మళ్లీ గాల్ మీద పడ్డాయి. ఊళ్లు తగలబడ్డాయి. ఆ దెబ్బ తిన్నదీ మామూలు జనమే.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఇలాంటిది మేమూ చూశాం. మేం చేసిన ఒక కంపెనీ మూతపడింది. ఓనరు ఇంకో పేరుతో బోర్డు పెట్టుకున్నాడు. మేం జీతం బకాయిల కోసం నెలల తరబడి క్యాంపులోనే కూర్చున్నాం. మాది జీతం పోయిన బాధ, వాళ్లది ప్రాణం పోయిన కథ. రెండూ ఒకటని అనం. కానీ పైవాళ్లు రాజీ పడేటప్పుడు కిందివాళ్ల లెక్క ఎవరూ అడగకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

టెట్రికస్ బొమ్మున్న నాణేలు ఇప్పటికీ పొలాల్లో దొరుకుతుంటాయి. ఆ రోజు ఆయన కోసం నిలబడి చచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.