సముద్రము దాటిన పట్టాలు

మద్రాసు విశ్వవిద్యాలయము 1857 లో స్థాపింపబడినది. నాటి నుండి ఆ విశ్వవిద్యాలయములోను, తరువాత వెలసిన ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములలోను పట్టాలు పుచ్చుకొని మొదట ఓడలు, పిమ్మట విమానములు ఎక్కిన తెలుగువారు ఎందరో కలరు. వారందరికీ అవతలి ఒడ్డున ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ పట్టాకు ఇచ్చట ఏమి విలువ? నేడు ఆస్ట్రేలియా, కెనడా దేశములకు నైపుణ్యము గలవారి వీసా కోరు యువకులు ఈ ప్రశ్న కంప్యూటరు యుగములో పుట్టినదని తలచుచుందురు. దీని వయస్సు నూరేండ్లకు పైబడినది.

భీమవరములో 1895 జనవరి 12 న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఇందుకు తార్కాణము. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదువుచున్న దినములలో గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించినారు. శస్త్రచికిత్సాచార్యుడైన ఆంగ్లేయునకు అది రుచింపలేదు. ఫలితముగా ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము. దానిని వెంటబెట్టుకొని 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరినారు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్యశాలలో సీటు లభించినది గాని, వైద్యునిగా జీవించుటకు ఆ పత్రము చాలలేదు. పొట్ట గడచుటకై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు పని చేసినారు. అదే వ్యక్తి కొద్ది యేండ్లలో సైరస్ ఫిస్కేతో కలసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనినారు. 1930 లో హార్వర్డు నుండి పి.హెచ్.డి. పొందినారు, 1940 తరువాత లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లము, బోదవ్యాధికి హెట్రజాన్ వంటి ఔషధముల పరిశోధనకు నాయకత్వము వహించినారు. మద్రాసులో ఒక పరీక్షాధికారి అయిష్టము తగ్గించిన పట్టా, ఆయన ప్రతిభను కొలువలేదు. పట్టా కొలుచునది ఒకటి, మనిషి చేయగలది మరొకటి అన్న భేదము అంత స్పష్టముగా మరెచ్చట కనబడదు.

సుబ్బారావు గారిది ఒక్కని కష్టము. ఆ దశాబ్దములోనే దేశమంతటి వైద్య పట్టాలకును ఆపద వచ్చినది. బ్రిటనులో వైద్యుల పట్టికను నిర్వహించు జనరల్ మెడికల్ కౌన్సిల్ 1858 నాటి చట్టముచే ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్ది చివర నుండి భారతీయ విశ్వవిద్యాలయముల వైద్య పట్టాలను ఆ కౌన్సిల్ అంగీకరించుచు వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట దాని దృష్టి మన ప్రసూతి శిక్షణపై పడినది. విద్యార్థులు తగినన్ని కాన్పులను స్వయముగా చూచుట లేదని ఆక్షేపణ. సర్ నార్మన్ వాకర్ తనిఖీకై భారతదేశము వచ్చినారు. మన స్త్రీలు పురుషులుండు ఆసుపత్రులకు కాన్పునకు వచ్చుటకు జంకెడి కాలమది. ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయితే ఎగ్మూరులో 1844 నుండి ప్రసూతి వైద్యశాల గల మద్రాసు నగరమును కూడ మిగిలిన వానితో ఒకే గాట కట్టుట న్యాయమనిపించదు. వివాదము పెరిగి, 1930 లో భారతీయ వైద్య పట్టాలకు బ్రిటనులో గుర్తింపు రద్దయినది. ఉన్నత విద్యకై లండను, ఎడింబరో పోదలచిన వైద్యులకు ద్వారము మూసుకొన్నది.

దీని నుండి ఒక మేలు జరిగినది. మన పట్టాలను మనమే తూచుకొను సంస్థ కావలెనన్న వాదము బలపడి, 1933 నాటి ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టము వచ్చినది. మరుసటి యేట కౌన్సిల్ ఏర్పడినది. క్రమముగా బ్రిటను తిరిగి గుర్తింపునిచ్చినది. కాని విచిత్రమేమనగా, పరాయివాడు మనలను గుర్తింపలేదని బాధపడి చేసికొన్న ఆ చట్టములో, వైద్య పాఠశాలలలో చదివి పల్లెలలో సేవ చేయుచున్న లైసెన్షియేటు వైద్యులకు చోటు లేకపోయినది. విశ్వవిద్యాలయ పట్టా లేదన్నదే కారణము. బయటి తక్కెడను నిందించినవారు ఇంట మరొక తక్కెడను తెచ్చి పెట్టుకొనినారు.

స్వాతంత్ర్యానంతరము బ్రిటను ఆసుపత్రులు మన వైద్యులపై ఎంతగానో ఆధారపడినవి. అయినను 1975 లో అదే కౌన్సిల్ భారతీయ పట్టాలకు మరల గుర్తింపు తొలగించి, భాషా ప్రావీణ్యమును, వైద్య జ్ఞానమును పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టినది. నేడు ‘ప్లాబ్’ అని పిలువబడుచున్నది దాని సంతతియే. అమెరికాలో 1965 నాటి వలస చట్టము వృత్తి నిపుణులకు ప్రత్యేక ప్రాధాన్యము నిచ్చి మన వైద్యులకు, ఇంజనీర్లకు తలుపులు తెరచినది. అంతకు ముందు, 1946 చట్టము ప్రకారము భారతీయులకు కేటాయింపబడిన సంఖ్య ఏడాదికి నూరు మాత్రమే. కాని ఆ తెరచిన తలుపు వద్ద కూడ విదేశీ వైద్యులకు ఇ.సి.ఎఫ్.ఎం.జి. అను సంస్థ పరీక్ష కావలి కాయుచుండెను. 1976 చట్టముతో ఆ పరీక్ష మరింత కఠినమైనది.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. దేశములోనికి రానిచ్చువాడు ఒకడు, వృత్తి చేయనిచ్చువాడు వేరొకడు. వీసా ఇచ్చునది ప్రభుత్వము. పట్టా పుచ్చుకొన్నవానిని వృత్తి పట్టికలో చేర్చుకొనునది వృత్తి సంఘము. ఇరువురును ఒకే మాట చెప్పనవసరము లేదు. ఈ చిక్కు ఎంత దూరము పోగలదో న్యూజిలాండు చరిత్ర తెలుపుచున్నది. ఆ దేశము 1991 లో పాయింట్ల పద్ధతిని చేపట్టినది. చదువుకు, అనుభవమునకు, వయస్సుకు ఇన్నేసి పాయింట్లని లెక్కకట్టి నివాసానుమతి ఇచ్చెడివారు. వైద్య పట్టాకు మంచి పాయింట్లు వచ్చినవి. ఆ పాయింట్లతో ఉన్న ఉద్యోగములు మాని, ఇండ్లమ్ముకొని, భార్యాబిడ్డలతో వెళ్లిన వైద్యులకు అచ్చటి వైద్య మండలి వృత్తి నమోదును ఇవ్వలేదు. మరల పరీక్షలు వ్రాయవలసి వచ్చినది. అట్లు రోగులను చూడవలసిన వారు కొందరు టాక్సీలు నడపినారు. అపకీర్తి పాలయిన పిదప, 1995 లో నిబంధన మార్చినారు: నమోదు తప్పనిసరియైన వృత్తులవారు ముందు నమోదు పొందిన తరువాతనే ఆ పాయింట్లు లెక్కింపబడును. మోసము తగ్గినది, కాని రోగులకు వైద్యుడు, వైద్యునకు రోగులు దొరకని స్థితి వెంటనే మారలేదు.

ఆస్ట్రేలియా 1999 జూలై నుండి ఈ క్రమమునే ముందునకు జరిపినది. నైపుణ్య వీసాకు దరఖాస్తు చేయుటకు పూర్వమే, ఆ వృత్తికి నియమింపబడిన సంస్థ నుండి అర్హతా నిర్ణయము తెచ్చుకొనవలెను. కెనడా 1967 లోనే పాయింట్ల పద్ధతి నారంభించిన దేశము. 2013 మే నుండి విదేశీ చదువునకు సమానత్వ నిర్ణయ పత్రమును కూడ కోరుచున్నది. విద్యార్థి తన చేతిలోని మార్కుల జాబితాను చూపిన చాలదు. విశ్వవిద్యాలయము నేరుగా పంపవలసి యుండును.

ఇంజనీర్లకు వాషింగ్టన్ ఒప్పందము కొంత ఊరట. 1989 లో ఏర్పడిన ఆ ఒప్పందములో భారతదేశము 2014 జూన్‌లో పూర్ణ సభ్యత్వము పొందినది. అయితే జాతీయ అక్రెడిటేషన్ బోర్డు టయర్-1 గా గుర్తించిన కోర్సులకే ఆ ఫలము దక్కును. కళాశాల పేరు ప్రకటనలలో ఎంత పెద్దదైనను, ఆ జాబితాలో లేకున్న, ఆస్ట్రేలియా పోదలచిన ఇంజనీరు తాను చేసిన పనులను మూడు వృత్తాంతములుగా స్వయముగా వ్రాసి సమర్పింపవలెను. ఇతరుల వృత్తాంతమును నకలు చేసినచో దరఖాస్తు తిరస్కరింపబడును. పాఠశాలలో వ్యాసరచన వృథాయని తలచువారు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

ఉపాధ్యాయుల విషయము మన పాఠకులకు దగ్గరిది. ఆస్ట్రేలియా కోరునది నాలుగేండ్ల ఉన్నత విద్య, అందులో నలుబదియైదు దినములకు తగ్గని పర్యవేక్షిత బోధనాభ్యాసము. మూడేండ్ల బి.ఏ., ఒక యేడు బి.ఇడి. కలసి నాలుగేండ్లగును, 2015 నుండి బి.ఇడి. రెండేండ్లయినది. కావున లెక్క తప్పదు. తరచుగా తప్పునది బోధనాభ్యాసపు దినముల ఆధారము. శిక్షణ కళాశాల ఇన్ని దినములని వ్రాసి ఇచ్చిననే చెల్లును. ఆపైన ఆంగ్ల పరీక్షలో చదువుట, వ్రాయుటలకు ఏడు, వినుట, మాటలాడుటలకు ఎనిమిది రావలెను. అమెరికాలో చిక్కు వేరు: అచ్చటి పట్టా నాలుగేండ్లది, మనది మూడేండ్లది. తక్కువైన ఒక యేటికి మూడేండ్ల ఉద్యోగానుభవమును జమకట్టు ఆచారము హెచ్-1బి వీసాలో కలదు.

ఇన్ని పరీక్షలు దాటినవారిని కూడ ఒక చిన్న విషయము నిలువరించుచుండును. అది పేరు. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును, అదియు పొడి అక్షరముగా. తమిళనాడులో స్థిరపడిన మనవారిలో కొందరు తండ్రి పేరు మొదటి అక్షరమునే పెట్టుకొనుచున్నారు. ముంబయి, షోలాపురములలోని తెలుగువారికి తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. ఒకే కుటుంబములో అన్నదమ్ములకు మూడు రీతులుండుట అరుదు కాదు. పాసుపోర్టులో ఇంటిపేరునకు ఒక గడి, స్వంత పేరునకు వేరొక గడి. పొడి అక్షరము విడదీసి వ్రాయవలెను. విదేశములోని గుమాస్తా ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము నొకవైపు, డిగ్రీ నొకవైపు, పాసుపోర్టు నొకవైపు ఉంచుకొని ఇవి ముగ్గురివాయని సందేహించును. అతనిని తప్పుపట్టుటకు లేదు.

అన్నింటికి మూలము పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు. పుట్టిన తేదీయైనను, పేరైనను మొదట అందు చేరినదే పై తరగతుల పత్రములన్నింటికి పాకిపోవును. ప్రభుత్వ పరీక్షా ధ్రువపత్రము వెలువడిన పిమ్మట దిద్దుబాటు పాఠశాల చేతిలో నుండదు; విద్యాశాఖ ఆజ్ఞ కావలెను. విదేశాంగ శాఖ వేయు అపోస్టిల్ ముద్ర 2005 జూలై నుండి మన దేశములో చెల్లుబాటులో నున్నది. అది సంతకము నిజమని తెలుపునే గాని పేరులోని తేడాను సవరింపదు. కాగా ఇటీవల కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఒకటవ తరగతిలో చేర్చునాడే దరఖాస్తులో ఇంటిపేరును పూర్తిగా విడమరచి వ్రాసి, తమ పాసుపోర్టు ప్రతిని దానికి జతపరచుచున్నారు.